మూడున్నర అడుగుల ముంగిలి

కోదాడ పట్టణమున, హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారికి కొంచెము లోపలగా, ఒక యిరువది అడుగుల వీథిలో, నాకు బంధుప్రాయులైన యువదంపతు లొక చిన్న యిల్లు కట్టుకొనిరి. స్థలము వీథివైపు 15 అడుగులు, లోపలికి 45 అడుగులు. గుణించి చూచిన సరిగా 75 చదరపు గజములు. అంత చిన్న స్థలమున 7 మీటర్ల యెత్తు మించని యింటికి అనుమతితో పనిలేదు, ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలునని 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టము చెప్పుటతో కాగితముల చిక్కు తీరినది గాని, పదునైదడుగులు పదునారడుగులు కాలేదు. వీథివైపున ఒక గది, ఆ గదికి ఎడమప్రక్కగా లోనికి పోవుటకు ఒక దారి. ఆ దారి వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు పదునాలుగు. గేటు తీసి అడుగుపెట్టినవానికి ఎడమచేతివైపు కరెంటు మీటరు, కుడిచేతివైపు గది గోడ. దారి చివర, ఇంటి లోపలినుండి మొదలై గేటువైపు ఎక్కివచ్చు మేడమెట్ల అడుగుభాగము వాలుగా నేలకు దిగిపోవుచుండ, ఆ వాలు కంటికి బాగుండదని మేస్త్రీ అయిదున్నర అడుగుల యెత్తున ఇటుకతో మూసివేసిన యొక మొండి గోడ. ఆ గోడకు ఇవతల కుడివైపునకు మళ్ళినగాని కానరాని పెద్ద దర్వాజ. ఇంజనీరు తన పటములో దీనిని ప్రవేశమని వ్రాసెను. తాపీపనివారు సందు అనిరి. నేను ముంగిలి యనియే యందును. ఎంత యిరుకైనను ఇంటి ముందరి చోటునకు ఆ పేరు తప్పదు గదా.

అమ్మాయి తండ్రి సూర్యాపేటలో తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవాడు. అబ్బాయి తండ్రి మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లున గుమాస్తాగా చేరి, నేడు ఆ మిల్లులో భాగస్వామి యైనవాడు. ఇరువురును నాకు మిత్రులే. పేర్లు చెప్పినచో ఇరువురికిని కోపము వచ్చును గనుక ఊళ్ళ పేర్లతోనే పిలిచెదను. గృహప్రవేశ మింక మూడు వారములున్న దనగా, ఆ ముంగిలి యలంకారమును గూర్చి, వీథిలోని యిసుక కుప్ప ప్రక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలలో ఆసీనులై వారు సలిపిన వాదమును నా చెవిని బడినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

సూర్యాపేట: బావగారూ, మీరు పనివారికిచ్చిన జాబితా చూచితిని. ఒక ప్రక్క గోడకు ఆసాంతము నిలువుటద్దములు, పైన పీవోపీ సీలింగు, దాని యంచులలో దాగిన దీపములు, నేలకు మొగము కనిపించునంత నునుపైన టైల్సు, పదునాలుగంగుళముల లోతుగల చెప్పుల బీరువా, మొండి గోడముందు మూడడుగుల వినాయకుడు, ఆయన పాదముల క్రింద ప్లాస్టిక్ పచ్చిక. ఇవన్నియు వచ్చి చేరిన పిదప మనుష్యుడు నడచుటకు మిగులు చోటెంతయో ఆ జాబితాలో ఎక్కడను వ్రాసి యుండలేదు.

మిర్యాలగూడ: నడచుటకు చోటు ఎట్లో మిగులును బావగారూ, మిగుల్చుకొనవలసినది మర్యాద. గృహప్రవేశమునకు మా వైపునుండి రెండువందలమంది వత్తురు. వారిలో సగము మంది ఇంటి వంటగది చూడరు, పడకగది చూడరు. గేటు దగ్గర చెప్పులు విడిచి, లోపల అక్షతలు చల్లి, భోజనములకు పోవుదురు. వారు చూచునది ఈ పదునాలుగడుగులే. మిర్యాలగూడకు తిరిగిపోయిన పిమ్మట వారి నోట ఈ యింటికి పడు పేరు ఇక్కడనే పుట్టును. కోడలు, కొడుకు ఏండ్ల తరబడి అప్పుతీర్చవలసిన యింటికి ‘సందిల్లు’ అని పేరు పడుట నా కిష్టము లేదు.

సూర్యాపేట: సందును సందు కాదని చూపబోయినప్పుడే చూచువాని దృష్టి సందుమీద పడును. బట్టతలవాడు చెవిమీది నాలుగు వెంట్రుకలను నెత్తిమీదికి దువ్వుకొన్నచో జనులు చూచునది ఆ వెంట్రుకలనా, బట్టతలనా?

మిర్యాలగూడ: (తన తల తడవుకొని) ఉపమానము నన్నుద్దేశించినది కాదనుకొందును. అయినను వినుడు. ఉన్నది ఉన్నట్లే యుండవలెనని కూర్చున్నచో మా మిర్యాలగూడ ఎట్లుండెడిదో మీ రెరుగరా? మా తండ్రి జొన్నలు, ఆముదములు పండించిన చెలక అది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నందికొండ దగ్గర ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ మా చెలకలలోనికి వచ్చిన తరువాత గదా వరి, వరి వెనుక మిల్లులు, మిల్లుల వెనుక మా బ్రతుకులు! నేల యిట్లున్నదని మేము సరిపెట్టుకొనలేదు. మూడున్నర అడుగులున్నదని ఇప్పుడేల సరిపెట్టుకొనవలెను?

ఈ మాటకు పండితుడు వెంటనే బదులు చెప్పలేకపోయెను. వాదములో ఎదుటివాని మాట బలమైన దని తోచినప్పుడు కండువా సవరించుకొనుట ఆయన యలవాటు, రెండుమారులు సవరించుకొనెను.

సూర్యాపేట: కాలువను గూర్చి మీతో వాదింపను. కాని కాలువ నిజముగా నీరు తెచ్చినది బావగారూ. అద్దము నిజముగా అడుగు వెడల్పు తెచ్చునా? రోము నగరమున స్పాదా అను ప్రభువుల భవనములో బొర్రోమిని అను శిల్పి 17వ శతాబ్దిలో ఒక స్తంభవీథిని కట్టెను. అది నిజమునకు తొమ్మిది మీటర్లకు లోపే. లోనికి పోనుపోను నేలను మెల్లగా పైకెత్తి, స్తంభములను పొట్టిచేసి, గోడలను దగ్గరకు జరిపినందున, ఇవతలినుండి చూచువానికి అది ముప్పదియైదు మీటర్ల రాజవీథివలె తోచును. చివర నిలువెత్తు విగ్రహమొకటి కనిపించును. దగ్గరకు పోయి చూచినచో దాని యెత్తు అరువది సెంటీమీటర్లే. ఆ విద్య యంతయు చూచువాడు కదలక ఒక్కచోట నిలిచినంతవరకే. ఒక మనుష్యుడు ఆ స్తంభముల నడుమకు నడచిపోయెనా, అడుగడుగునకు వాడు రాక్షసుడై పెరిగి, శిల్పి గుట్టంతయు బయటపెట్టును. అది చూచుటకు కట్టినది గనుక చెల్లినది. మన అమ్మాయి దినమునకు పదిమారులు నడువవలసిన దారి యిది.

మిర్యాలగూడ: భేషు! మీరే నా పక్షమున సాక్ష్యము చెప్పితిరి. ఆ ప్రభువులకు డబ్బు లేకనా, స్థలము లేకనా? అయినను ఇరుకును వైశాల్యముగా చూపించుట అవమానమని వారనుకొనలేదు. ఇక మన యింటికి వచ్చువాడు గేటు దగ్గర నిలిచి చూచునా చూడడా? ఆ నిముషమునకే నా యద్దము. చూపును మురిపించుట దోషమైనచో పట్టుచీరకు జరీ యంచేల, ఇంటి గడపకు పసుపేల?

సూర్యాపేట: గడపకు పసుపు పూసిన గడప గడపగానే యుండును, అది చెరువువలె కనిపింపదు. అద్దము సంగతి వేరు. దాని ముందర మంచిది పెట్టిన మంచిది రెండగును, చెప్పులు పెట్టిన చెప్పులు రెండింతలగును. బంధువులు నలుబదిమంది వచ్చిననాడు ఎనుబది జతల ముంగిలి మీకు సమ్మతమేనా?

మిర్యాలగూడ: అందుకే గదా బీరువా!

సూర్యాపేట: ఆ బీరువా దగ్గరకే వచ్చుచున్నాను. మూడున్నర అడుగులనగా నలుబదిరెండంగుళములు. అందులో బీరువా పదునాలుగు తినివేయును. మిగిలినది ఇరువదియెనిమిది. మీ కుమారుని మోటారుసైకిలు హ్యాండిలు వెడల్పు నిన్న నేను టేపుతో కొలిచితిని. ముప్పదికి ఒక్క అంగుళము తక్కువ. రాత్రి ఆ బండి ఈ సందులో నిద్రించునా, వీథిలో నిద్రించునా? అది యటుండనిండు. ఏటేట క్రొత్త బియ్యము రాగానే మీరు కోడలికి పంపు బస్తాలు ఎవడో యొకడు భుజముమీద మోసికొని రావలెను గదా; భుజముమీద బస్తా అడ్డముగా నుండును గాని నిలువుగా నుండదు. మీ మిల్లు బియ్యమే మీ బీరువాకు తగిలి ఆగిపోయినచో నన్ననవలదు. ఇంకను చెప్పవలెనన్న, పెద్దలున్న యింటిలో ఏనాడైన నలుగురు కలిసి మంచము మోసికొని...

అని యేదో చెప్పబోయి, గృహప్రవేశము కాని యింటిముందర ఆ మాట తగదని నాలుక కరచుకొని, ‘‘అనగా, క్రొత్త మంచము కొని లోనికి తెచ్చునప్పుడు’’ అని సవరించుకొనెను. మిర్యాలగూడ వియ్యంకుడు అర్థము చేసికొని, చేసికొననట్లే యూరకుండెను. బియ్యపు బస్తా మాట మాత్రము ఆయనను గట్టిగా తాకినది. కొంతసేపు ఇసుకలో కాలితో గీతలు గీయుచుండెను.

మిర్యాలగూడ: సరే, బీరువా లోతు తగ్గింతము. కాని మీరు కోరున దేమిటి? వట్టి గోడలు, వట్టి నేల, చివర మొండి గోడ. జైలులో కూడ అంతకంటె నెక్కువ యుండును.

సూర్యాపేట: నేను కోరునది మన ప్రక్కనే యున్నది. సూర్యాపేటకు ఆనుకొనియున్న పిల్లలమఱ్ఱి గుళ్ళు మీరు చూచితిరి గదా, పెండ్లిచూపులనాడు మిమ్ము తీసికొనిపోయితిని. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయమును తలచుకొనుడు. మండపములో నల్లరాతి స్తంభములు అద్దములవలె మెరయును. సరే, అద్దముల మాట మీకు అక్కడ అనుకూలమే యనుకొనుడు. కాని మండపము దాటి గర్భగృహమునకు పోవు నడుమ అంతరాళమను చిన్న చోటున్నది. అది యిరుకు, అది చీకటి. దానిని వెడల్పుగా చూపవలెనని శిల్పి యెక్కడను ప్రయత్నింపలేదు. తన నేర్పంతయు ద్వారబంధముమీద పెట్టెను: శాఖవెంట శాఖ, లతలు, ద్వారపాలకులు. నేల వట్టిగా విడిచెను. అది నడచువాని పాదములకు. మనకు ఇంకను దగ్గరి వారసత్వము ఫణిగిరి. ఆ కొండమీది బౌద్ధారామమునకు ముందు నిలిచిన సున్నపురాతి తోరణపు దూలము, పదునేడువందల యేండ్లనాటిది, 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ప్రదర్శనకై సముద్రము దాటి పోయినది. మన నాగారము మండలపు రాయి బావగారూ! దానిమీద చెక్కడమంతయు తలపైన. కాళ్ళక్రింద అడ్డమేమియు లేదు. తోరణమనగా నదియే. మామిడాకు కట్టుట కూడ తలపైననే గాని మోకాళ్ళకు కాదు.

మిర్యాలగూడ: ఎంత చక్కగా చెప్పితిరి! ఇక నా మాట వినుడు. ఫణిగిరి తోరణమునకు చుట్టును కొండంత ఖాళీ. పిల్లలమఱ్ఱి గుడికి ముందర మండపము, మండపమునకు ముందర ఆవరణ, ఆవరణకు ముందర ఊరు. అంత వెలుతురులో తిరిగి వచ్చినవానికి అంతరాళపు చీకటి హాయి. ఇక్కడ వెలుతు రెక్కడిది? ఎడమ గోడ వెనుక పొరుగువారి గోడ, పైన స్లాబు, ఎదుట మొండి గోడ. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు దీపము వేయవలసిన చోట మీరు అంతరాళమును గూర్చి చెప్పుచున్నారు. మీ చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు. గడప యెత్తు కనబడక పడిపోయినచో ఎరకసానమ్మ వచ్చి లేవనెత్తదు.

సూర్యాపేట: తనిజాకి అను జపాను రచయిత 1933లో నీడలను మెచ్చుకొనుచు ఒక పెద్ద వ్యాసమే వ్రాసెను. ఇండ్లలో మసక వెలుతురున్నపుడే వస్తువులకు అందము...

మిర్యాలగూడ: ఆయనకు మోకాళ్ళు బాగుండి యుండును.

ఇచ్చట నేను నవ్వు ఆపుకొనలేకపోతిని. పండితుడు నావంక చూచిన చూపులో శిష్యుని పరీక్ష తప్పించు గురువు కనిపించెను. నిజమునకు ఈ ఘట్టమున నేను మిర్యాలగూడ పక్షము. వెలుతురు కావలెను, సందేహములేదు. ఐతే దాగిన దీపములు, రంగు మారు దీపములు వలదు. గేటు దగ్గర ఒక మీట, దర్వాజ దగ్గర ఒక మీట, రెండింట దేనితోనైన వెలిగి ఆరునట్టి ఒక్క తెల్లని దీపము చాలునని నా యభిప్రాయము. నన్నెవరు నడుగలేదు.

మిర్యాలగూడ: గోడల సంగతి చూతము. మీకు సున్నము కావలెనందురు. ఈ చుట్టుప్రక్కల, మేళ్ళచెరువులో, మఠంపల్లిలో, సిమెంటు కర్మాగారములు లేచినది ఏ రాతిమీద? సున్నపురాతిమీదనే గదా. మీ సున్నమే బట్టీలో కాలి, పొడియై, సంచిలో పడి, ఈ యిల్లై నిలిచినది. దానిమీద మరల సున్నము పూసినచో రాసుకొని పోవువాని చొక్కా తెల్లబడును. మూడున్నర అడుగులలో రాసుకొనక పోవువా డెవడు? తడిబట్టతో తుడిచినను పోని రంగు వేయింతము.

సూర్యాపేట: (కొంచెము ఆలోచించి) భుజము తగులునంత యెత్తువరకు మీ రంగు; ఒప్పుకొంటిని. నేల మాత్రము ఒప్పుకొనను. ఆ టైల్సుమీద ముగ్గుపిండి నిలువదు, జారిపోవును. అందుచేతనే కాబోలు ఇప్పుడు ముగ్గును కాగితమువలె అతికించు స్టిక్కర్లు అమ్ముచున్నారు. సంక్రాంతికిని అదే ముగ్గు, శ్రావణ శుక్రవారమునకును అదే ముగ్గు, అమావాస్యకును అదే ముగ్గు. తాండూరు నాపబండలు పరతము. తడిపిన నీటిని పీల్చుకొని ఆరును, కాలు జారదు.

మిర్యాలగూడ: అమ్మాయి ప్రొద్దున ఏడు గంటలకు హుజూర్‌నగరు బస్సెక్కి ఉద్యోగమునకు పోవును. నా కొడుకు ఎనిమిదింటికి లేచును. ముగ్గెవరు వేయుదురు బావగారూ, మీరా?

సూర్యాపేట: వచ్చినన్నాళ్ళు నేను వేయుదును.

మిర్యాలగూడ: మీకు వచ్చునా?

సూర్యాపేట: నాలుగు చుక్కలది వచ్చును.

నునుపు టైల్సు విషయమున నేను తటస్థుడను కాను. ఒక బంధువుల యింట ఇట్టి నేలమీదనే, వాన వెలిసిన సాయంకాలము, చేతిలో కాఫీ గ్లాసుతో నేను ప్రదర్శించిన విన్యాసమును ఆ యింటి పిల్ల లిప్పటికిని అభినయించి చూపుచుందురు. గేటునుండి వానజల్లు లోనికి కొట్టు దారికి గరుకు నేల తప్ప వేరొకటి పనికిరాదు. అడ్డముగా పరచిన బండలు పొడవైన దారిని కొంత పొట్టిగా చూపు ననుట అదనపు లాభము. ఇది చెప్పి నేను మిర్యాలగూడవారి కనుబొమలు ముడివడుటకు కారణమైతిని.

తరువాత వాదము వాస్తువుమీదికి పోయెను. గేటునకు సరిగా ఎదురుగా, వీథి కావలి యంచున, ఒక కరెంటు స్తంభమున్నది.

మిర్యాలగూడ: దీనిని మాత్రము విడువను. ఇది స్తంభవేధ. గేటుమీద గుమ్మడికాయ కట్టవలెను, పటిక కట్టవలెను, లోపల వినాయకుడు ఎదుర్కొని నిలువవలెను.

సూర్యాపేట: వేధను గూర్చి భయపడువారు శాస్త్రము తుదివరకు చదువరు. వరాహమిహిరుడు బృహత్సంహితలో, ద్వారమునకెదురుగా త్రోవ, చెట్టు, మూల, నుయ్యి, స్తంభము ఉండరాదని చెప్పిన మాట నిజమే; కాని ఇంటి యెత్తునకు రెట్టింపు దూరము విడిచినచో దోషము లేదని కూడ ఆయనయే చెప్పెను. మన యింటి యెత్తు 7 మీటర్లు, అనగా ఇరువదిమూడడుగులు. రెట్టింపు నలుబదియారు. స్తంభమింత దూరమున...

అని లేచి, వీథి కడ్డముగా అడుగులు లెక్కపెట్టుచు పోయెను. వీథి యిరువది అడుగులే యని నేను ముందే చెప్పితిని. స్తంభము దగ్గర ఆగి, వెనుదిరిగి, మరల లెక్కపెట్టుకొనుచు వచ్చి కూర్చుండి, ‘‘శాస్త్రము మీవైపే యున్నది’’ అనెను. తాను తెచ్చిన ప్రమాణముచేత తానే యోడినను దాచుకొనకపోవుట ఆయనలోని గొప్పతనము. గుమ్మడికాయ నిశ్చయమైనది. వినాయకుని విషయము మాత్రము నిశ్చయము కాలేదు.

మిర్యాలగూడ: మొండి గోడకు ఏదో యొకటి కావలెను. పెయింటరు ఒక మాట చెప్పినాడు. అది మీకు నచ్చునేమో చూడుడు. పొడవైన దారిలో ప్రక్క గోడలకు లేతరంగు, చివరి గోడకు ముదురురంగు వేసినచో, చివరి గోడ ముందుకు జరిగినట్లు కనిపించి, సందు సందువలె తోచక గదివలె తోచునట.

సూర్యాపేట: ముదురురంగనగా?

మిర్యాలగూడ: ఇటుక యెరుపు వంటిది.

సూర్యాపేట: జాజు!

మిర్యాలగూడ: జాజే. మా యమ్మ గోడ యడుగున పూసెడిది.

సూర్యాపేట: మా యమ్మయు నంతే, దానిమీద సున్నపు చుక్కలు. బావగారూ, జాజు గోడ, ఆ గోడలో ఒక దీపపు గూడు! పాత యిండ్లలో దర్వాజ ప్రక్కన చమురు దీపము పెట్టుటకు విడిచెడివారు చూడుడు, దిగూడు. మీ వినాయకుని ఆ గూటిలో పట్టునంత చిన్నవానిగా చేసికొందము. నేలమీద కాలికి తగులడు.

మిర్యాలగూడ: మూడడుగుల విగ్రహమునకు బయానా యిచ్చితిని.

సూర్యాపేట: మిల్లులో పెట్టుకొనుడు. మిల్లు విశాలము.

ఇట్లు వాదమంతయు సంధివైపు నడచుచు, జాజు గోడలో గూడు ఎన్ని యంగుళముల యెత్తున నుండవలెననుదాని మీదికి వచ్చినవేళ, అమ్మాయి హుజూర్‌నగరు బస్సు దిగి వచ్చినది. ఒక చేత కూరగాయల సంచి, ఒక భుజమున అన్నపు డబ్బా, ఇంకొక భుజమున ఆఫీసు సంచి, నోట గొడుగు పిడి. గేటు గొళ్ళెము తీయుటకు చేయి లేక మోచేతితో నెట్టినది. ఆ స్థితిలో ఆమెను చూచియైనను ఇద్దరిలో ఒక్కరును లేవలేదు. గూటి యెత్తును గూర్చి ఆమె తీర్పడిగిరి. సంచులు ఇసుకమీద దించి, గొడుగు తీసి, ఆమె చెప్పిన మాటలను ఆమె మాటలలోనే వ్రాయుదును.

‘‘నాన్నా, మామయ్యా, ఆ గోడకు రంగు తర్వాత సంగతి. ఆ గోడెందుకు? దాని వెనకాల ఆరేడడుగుల జాగ ఉంది, మెట్లకింద. మేస్త్రీ అడగకుండనే మూసేసిండు. గోడ తీసేస్తే నా చెప్పులు, ఆయన బూట్లు, ఖాళీ సిలిండరు, గొడుగులు, మీరు పంపే బియ్యం బస్తా, అన్నీ ఆ కింద పడ్తయి. ఈ దారిల ఏం పెట్టొద్దు. గేటు పక్కన సంచి తగిలించుకోను రెండు గట్టి కొక్కేలు కావాలె, తాళం తీసేటప్పుడు. అత్తయ్య కూర్చొని చెప్పులు విడవను గోడకు మడిచిపెట్టే బల్ల ఒకటి. లైటు. అంతే.’’

ఇద్దరు పెద్దలును ఆ గోడవంక చూచిరి. ఒక గంటన్నరసేపు వారు ఆ గోడకు అద్దము తగిలించిరి, విగ్రహము నిలిపిరి, గూడు తొలిచిరి, జాజు పూసిరి. అన్ని విషయములందును విభేదించిన వారు ఆ గోడ యుండవలెననుట యొక్కదానియందు మాత్రము మొదటినుండియు ఏకాభిప్రాయులు. పండితుడు కండువా సవరించుకొనెను. మిర్యాలగూడ వియ్యంకుడు మేస్త్రీకి ఫోను చేసెను.

కార్తికములో నేను మరల ఆ యింటికి పోయితిని. మొండి గోడ లేదు. దాని స్థానమున వాలు క్రింద మూడు మెట్ల చెక్క అరలు, వానికి ముందర అమ్మాయి పాత నేతచీరతో కుట్టిన తెర. తెర రంగు జాజు రంగే. తండ్రి పంతము ఆమాత్రము నెగ్గినది. నేల తాండూరు బండ. మామగారి అద్దము ఆసాంతము కాక గేటు దగ్గర అడుగు వెడల్పున మిగిలినది, బయటికి పోవువారు తల దువ్వుకొనుటకు. పెద్ద దర్వాజకు టేకు, దానిమీద గుంటూరు నుండి వచ్చిన వడ్రంగి చెక్కిన సన్నని లత. ఆ ఖర్చు మాత్రము ఇద్దరు వియ్యంకులు పోటీపడి పెట్టినారట. దీపపు గూడు దర్వాజ ప్రక్క గోడలో తొలిపించినారు. నేను చూచిననాడు అందులో దీపము లేదు; మోటారుసైకిలు తాళపుచెవి, కరెంటు బిల్లు, రెండు రబ్బరు బ్యాండ్లు ఉన్నవి. బయానా యిచ్చిన వినాయకుడు మిల్లులో ధర్మకాటా ప్రక్కన కొలువైయున్నాడు.

నేను బల్లమీద కూర్చుండి చెప్పులు విడుచుచుండగా మిర్యాలగూడ నుండి క్రొత్త బియ్యము వచ్చినది. హమాలీ బస్తాను భుజమున అడ్డముగా పెట్టుకొని గేటు దాటి, నన్ను లెమ్మని కనుసైగ చేసి, నేను లేచి బల్ల మడిచిన పిమ్మట, ఎడమ గోడకుగాని కుడి గోడకుగాని తగులక మెట్లక్రిందివరకు నడచిపోయి దించినాడు.